గోడ మీద అరచెయ్యి

ఎనభయ్యో దశకం చివర్లో, తొలకరి పడిన రోజుల్లో, నన్ను కోరుట్ల నుంచి సిరిసిల్లకు బదిలీ చేశారు. హోదా వృత్తి శిక్షకురాలు. బుద్ధి వికాసం వయసుతో పాటు సాగని పెద్దవాళ్లకు ఒక పని నేర్పి, ఆ పని జరిగే చోట వాళ్లను నిలబెట్టి రావడం మా ఉద్యోగం. అప్పటి కాగితాల్లో వాళ్లను మందబుద్ధులు అని రాసేవాళ్లం. ఊళ్లో వాడే మాటలు అంతకన్నా మొరటువి, వాటిని ఇక్కడ రాయను. మమ్మల్ని నడిపేది ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ. దాని ఆఫీసు జగిత్యాలలో. అక్కడ ఒక పర్యవేక్షకుడు, ఆయన కింద శిక్షకులం, మా కింద ఎవరూ లేరు. కాబట్టి గది ఊడ్చుకోవడం దగ్గర్నుంచి అన్నీ మేమే.

మాది పెగడపల్లి వైపు భూములున్న కుటుంబం. మా వాళ్లు అప్పటికే ఊరు విడిచి జగిత్యాలలో కాపురం పెట్టారు. ఎందుకని ఆ రోజుల్లో ఎవరూ అడిగేవారు కాదు. నేను ఈ ఉద్యోగంలో చేరతానంటే మా పెద్దనాన్న నవ్వి, మందబుద్ధులు మన ఇంట్లోనే కావలసినంత మంది ఉన్నారు కదా, బయటికెందుకు అన్నాడు. ఆయనతో చాలా రోజులు మాట్లాడలేదు.

కోరుట్లలో నేను బీడీలు చుట్టే ఇళ్ల మధ్య పనిచేశాను. అక్కడి పనికి చప్పుడు లేదు. ఆకు, కత్తెర, దారం, అంతే. సిరిసిల్లలో బస్సు దిగగానే చప్పుడు పట్టుకుంది. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. వీధికి రెండువైపులా రేకుల షెడ్లు, షెడ్ల నిండా సాంచాలు, కరెంటు ఉన్నంతసేపూ టకటకమంటూనే ఉంటాయి. వీధి మూల మీద నేను అద్దెకు తీసుకున్న గది కూడా ఒక షెడ్డును ఆనుకునే ఉండేది. మొదట్లో తల పగిలిపోయేది. కొన్ని వారాలకు ఆ చప్పుడు చెవుల్ని వదిలి ఒంట్లోకి దిగిపోయింది. మధ్యాహ్నం అన్నం తిని కాసేపు ఒరిగితే, నిద్రపోతున్నది నేనో, ఊరంతా నిద్రలో నడుస్తోందో తెలిసేది కాదు. రంగు వేసిన నూలు కట్టలు వెదురు బొంగుల మీద ఆరేవి. వాన వెలిశాక ఆ రంగులన్నీ రోడ్డు మీది నీళ్లలో మెల్లగా కదిలేవి. గాలిలో సన్నటి నూలు నుసి తేలుతూ వచ్చి అందరి కనుబొమ్మల మీదా వాలేది. పడుచువాళ్లు కూడా తల నెరిసినట్టు కనిపించేవాళ్లు. కరెంటు పోగానే ఊరు ఒక్కసారిగా ఆగిపోయేది. అప్పుడు నాకు మెలకువ వచ్చేది.

మా పద్ధతి గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఏ పనైనా ముందు ముక్కలు చేసుకుంటాం. ఒక్కో ముక్క మొదట చెయ్యి పట్టి చేయిస్తాం. తర్వాత చేసి చూపిస్తాం. తర్వాత నోటితో చెప్తాం. ఆఖరికి ఏమీ చెప్పకుండా పక్కన నిలబడతాం. ఆ పక్కన నిలబడడం కూడా కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ, ఒకరోజు అక్కడ లేకుండా పోతాం. మా ఉద్యోగంలో నైపుణ్యమంతా ఈ లేకుండా పోవడంలోనే ఉంది. పని రావడం ఒక ఎత్తు, పని అలవాట్లు రావడం ఇంకో ఎత్తు. వేళకు లేవడం, ముఖం కడుక్కుని రావడం, పని దగ్గర పిలిస్తే పలకడం, మొదలుపెట్టింది వదిలేసి పోకుండా ఉండడం. చేతి పని కొన్నాళ్లలో వచ్చేస్తుంది. అలవాటుకు కాలాలు మారాలి.

సిరిసిల్లలో నాకు అప్పగించిన మొదటి మనిషి మల్లేశం. ఇరవై దాటిన వాడు, భుజాలు బలమైనవి, మాటలు బహు తక్కువ. కొత్త మనిషి కనిపిస్తే నవ్వుతాడు. అడిగినదానికి జవాబు కూడా ఆ నవ్వే. తల్లి ఎల్లవ్వ, గంభీరావుపేట దగ్గరి పల్లె నుంచి వచ్చిన కూలి మనిషి. భూమి లేదు, భర్త పోయాడు, సిరిసిల్లలో నా వీధిలోనే ఉంటూ బీడీలు చుట్టి బతుకుతోంది. నన్ను మొదటి రోజు దొరల ఇళ్ల ఆడవాళ్లను పిలిచినట్టు దొర్సానీ అని పిలిచింది. వద్దన్నాను. మరేమనాలె అంది. టీచరమ్మ అనమన్నాను. ఒకసారి నోట్లో పలికి చూసుకుని, సరేనన్నట్టు తల ఊపింది.

మల్లేశం చీలమండ చుట్టూ చర్మం గట్టిపడి నల్లగా ఉండేది. నేను అడగకముందే ఎల్లవ్వ చెప్పింది.

"నాట్లకు పోతె మళ్ల పొద్దుగూకినంకనే అచ్చుడు, టీచరమ్మా. ఇంటి పక్కన్నే బాయి. తాడుతోని గుంజకు కట్టేసి పోయేదాన్ని. ఏడ్సుకుంట పోయేదాన్ని, ఏడ్సుకుంట అచ్చేదాన్ని."

ఆ నాట్లు ఎవరి పొలాల్లో వేసేదో నేను అడగలేదు. సిరిసిల్ల వచ్చాక ఆ తాడు చూరులోకి పోయిందని మాత్రం ఆమే చెప్పింది.

అదే వాడలో, వాళ్లింటికి నాలుగు సందుల అవతల, రాజేశం అనే ఆసామి షెడ్డు ఉంది. ఆసామి అంటే సేఠు దగ్గర నూలు తెచ్చుకుని, తన సాంచాల మీద గుడ్డ నేసి ఇచ్చే మనిషి. రాజేశం నేయించేది లంగాల గుడ్డ. మల్లేశానికి చోటిమ్మని అడిగితే ఆయన సూటిగానే అన్నాడు. "మేడం, ఈడ మంచిగున్నోళ్లకే వేళ్లు పోతున్నయ్. గీయన వేళ్లకు ఎవలు జిమ్మేదారి?" న్యాయమైన ప్రశ్నే. సాంచాల చుట్టూ నేల మీద తెల్ల రంగుతో గీత గీయించి, ఆ గీత దాటని పని వెతికాం. కండె అంటే మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే, నూలు చుట్టిన చిన్న గొట్టం. అల్లిక సాగే కొద్దీ కండెలు ఖాళీ అవుతుంటాయి. గీత ఇవతలికి విసిరేసిన ఆ ఖాళీ కండెలు ఏరి, వాటి మీద మిగిలిన పోగు తీసేసి, నిండు కండెలను డబ్బాలో పేర్చి గీత ఇవతల పెట్టడం, ఇదీ మల్లేశం పని. ఆ వానాకాలమంతా పక్కన నిలబడ్డాను. పత్తి ఏరే నాటికి నేను షెడ్డులో అవసరం లేకుండా పోయాను. రాజేశం తన వాళ్లతో, మల్లేశం పేర్చిన డబ్బా చూసి నేర్చుకోండ్రి అనడం మొదలుపెట్టాడు. అది మల్లేశం మీద ప్రేమకన్నా మిగతావాళ్ల మీద కోపమని నా అనుమానం.

ఆ షెడ్డులో ఒక ఆచారం ఉంది. పొద్దున స్విచ్ వేసే ముందు రాజేశం ప్రతి సాంచానూ చేత్తో తాకి, ఆ చెయ్యి కళ్లకు అద్దుకునేవాడు. మల్లేశం చాలా రోజులు చూశాడు. సాంచా గీతకు అవతల ఉంది, తాకడానికి లేదు. ఒక పొద్దున, సాంచాలు నడుస్తుండగా, తలుపు దగ్గరి గోడ మీద అరచెయ్యి ఆనించాడు. సాంచాలు నడుస్తుంటే ఆ గోడలు సన్నగా వణుకుతాయి. కాసేపు అలాగే ఉంచి, చెయ్యి కళ్లకు అద్దుకుని లోపలికి వచ్చాడు. ఇక రోజూ అంతే. మేం నేర్పకుండా తెచ్చుకున్న అలవాటు అదొక్కటే.

అప్పుడు బందు వచ్చింది. అడవిలో ఉన్న నక్సలైట్లను జనం అన్నలు అనేవారు, అదీ గొంతు తగ్గించి. రాత్రికి రాత్రి గోడల మీద ఎర్ర అక్షరాలు పడితే మర్నాడు బందు. బస్సులు రావు, దుకాణాలు తెరవరు, సాంచాలు ఆపేస్తారు. ఆ రోజు రోడ్డు మీద కనిపించిన మనిషి మీద ఇటు వాళ్లకూ అనుమానమే, అటు పోలీసులకూ అనుమానమే.

ఎల్లవ్వ బోరింగు దగ్గరికి వెళ్లి వచ్చేలోగా మల్లేశం ముఖం కడుక్కుని, టిఫిన్ డబ్బా పట్టుకుని పనికి బయల్దేరాడు. మా శిక్షణలో పనికి వెళ్లడం గురించి ఎన్నో పాఠాలున్నాయి, వెళ్లకపోవడం గురించి ఒక్కటీ లేదు. ఏ కేంద్రంలోనూ లేదు. అతను తాళం వేసిన షెడ్డు ముందు నిలబడ్డాడు. ఎవరో వచ్చి తీస్తారని నిలబడే ఉన్నాడు. ఎక్కడి నుంచో బందోబస్తుకు వచ్చిన గస్తీవాళ్లు అది చూసి, ఎవరికోసమో కాపలా కాస్తున్నాడనుకున్నారు. పేరడిగారు. మల్లేశం నవ్వాడు. ఆ నవ్వు వాళ్లకు నచ్చలేదు. స్టేషన్‌కు తీసుకెళ్లి సాయంత్రం వదిలిపెట్టారు. మర్నాడు చెంప వాచిన మనిషి వేళకు పనికి వచ్చి, గోడ మీద చెయ్యి పెట్టి, కళ్లకు అద్దుకుని, కండెలు ఏరడం మొదలుపెట్టాడు. అది చూసి రాజేశం మిషన్ల వెనక్కి వెళ్లి కళ్లు తుడుచుకున్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద అని తేలలేదు.

ఎల్లవ్వ తాడు చూరులోంచి కిందికి దించింది.

"బందు ఎన్నడస్తదో ఎవలకెరుక? ఇగ రోజు కడత. పని వద్దు, ఏం వద్దు. తాడు సంపదు టీచరమ్మా, తూట సంపుతది."

ఆ లెక్కలో తప్పేం లేదు. కానీ ఆ తాడు పడితే అతని కాలు ఆగడంతో పోదు. వేళకు లేవడం, ముఖం కడుక్కోవడం, ఆ డబ్బా, ఆ గోడ, అన్నీ పోతాయి. మళ్లీ గుంజ పక్కన కూర్చునే మనిషి అవుతాడు. నేను ఎల్లవ్వను బతిమాలాను. వచ్చే బందు దాకా ఆగమన్నాను. ఆ రోజు గనక మల్లేశం వీధి మూల దాటితే నీ ఇష్టం, నేను అడ్డురాను అన్నాను. ఆమె బీడీలు చుడుతూనే సరేనంది. తాడును మాత్రం చూరులో పెట్టలేదు. తలుపు పక్కన మేకుకు తగిలించింది.

జగిత్యాల వెళ్లి పర్యవేక్షకుడికి సంగతి చెప్పాను. ఆయన హాజరు చూసి చాలా సంతోషించాడు. ఇంత మంచి హాజరు ఇంకెక్కడా లేదు, కేసు ముగించి ఇంకొకరిని తీసుకో అన్నాడు. "హాజరు బాగుండుడే ఇప్పుడు కష్టం సార్" అన్నాను. ఆయన నన్ను కొంచెం అనుమానంగా చూసి టీ తెప్పించాడు. టీ తాగి తిరుగు బస్సు ఎక్కాను.

నోటితో చెప్పి చూశాను. బందు అనే మాటకు అతని దగ్గర బొమ్మ లేదు. సెలవు రోజున వాళ్లింటి తలుపుకు అడ్డంగా ఒక గుడ్డ కట్టాను. దాన్ని విప్పి, మేం నేర్పినట్టే అంచులు కలిపి చక్కగా మడతపెట్టి, గూట్లో పెట్టి వెళ్లిపోయాడు. చెప్పులు దాచితే ఒట్టి కాళ్లతో వెళ్లాడు. నాకు కోపం, నవ్వు ఒకేసారి వచ్చాయి. ఒక మధ్యాహ్నం నా గదిలో గోడకు వీపు ఆనించి కూర్చుని, అవతలి షెడ్డు సాంచాల వణుకు వెన్నులోకి వస్తుంటే కళ్లు మూతలు పడుతున్నాయి. కరెంటు పోయింది. గోడ చచ్చుబడింది. ఉలిక్కిపడి లేచాను. గోడ నాకు చెప్పింది, పని ఆగిందని. మల్లేశానికి కూడా గోడే చెప్పాలి.

నా గదిని ఆనుకున్న ఆ మూల షెడ్డు గోడను తీసుకున్నాం. ఇంటి నుంచి బయల్దేరితే అతనికి తగిలే మొదటి గోడ అదే. గోడ వణికితే పనికి. వణకకపోతే వెనక్కి తిరిగి ఇంటికి. మా పనిలో ఇంకో సూత్రం ఉంది. వద్దు అనేది ఎవరికీ నేర్పలేం, దాని బదులు చేయవలసింది నేర్పగలం. అందుకని ఇంట్లో ఒక పని పెట్టాం. బీడీలకు వాడే తునికాకు కట్టలు విప్పి, నీళ్లు చల్లి, తడి గుడ్డలో చుట్టి తల్లి పక్కన పెట్టడం. సాంచాల వాళ్లు అమావాస్యకు పని ఆపేవాళ్లు. అమావాస్యలూ, పొద్దుటి కరెంటు కోతలూ మాకు పాఠశాల అయ్యాయి. మొదట అతని చెయ్యి నా చేత్తో పట్టి ఆగిన గోడ మీద పెట్టి, భుజం మీద చెయ్యి వేసి వెనక్కి తిప్పి, ఇంటి దాకా నడిపించాను. తర్వాత భుజం మీద వేలు. తర్వాత ఉత్త చూపు. తర్వాత నేను గది కిటికీలోంచి చూడడం.

దీంతో రాజేశానికి చిక్కొచ్చి పడింది. "మేడం, పొద్దుగాల కరెంటు లేకుంటె మూల కాడికెల్లే ఇంటికి మళ్లుతుండు, కరెంటు అచ్చినంక కండెలు ఎవలు ఏరాలె?" అని నా మీదికి వచ్చాడు. రెండు రోజులు ఓపిక పట్టమన్నాను. మల్లేశం ఇంట్లో ఆకు కట్టలు సర్దుతూ మధ్యలో లేచి వచ్చి గోడ తాకి చూసుకుని పోయేవాడు. వణుకు తిరిగి రాగానే కళ్లకు అద్దుకుని పనికి నడిచేవాడు. రాజేశం ఇంక ఆ మాట ఎత్తలేదు.

చలికాలం మధ్యలో రెండో బందు వచ్చింది. ఆ పొద్దున నాకు నిశ్శబ్దానికే మెలకువ వచ్చింది. మంచు మానేరు వాగు మీది నుంచి లేచి వీధుల్లోకి వచ్చింది. ఎదుటి ఇంటి గడప కూడా సగమే కనిపిస్తోంది. ఎక్కడో బిందె పెట్టిన చప్పుడు, ఎవరిదో దగ్గు. ఆ ఊరికి అలాంటి చప్పుళ్లు ఉన్నాయని అప్పటిదాకా నాకు తెలియదు. ఈ లోకంలో బందూకులు ఉన్నాయని కూడా కాసేపు మరిచిపోయాను. మల్లేశం వస్తాడు, గోడ తాకుతాడు, తిరిగి వెళ్తాడు. కిటికీ దగ్గర నిలబడ్డాను.

అప్పుడు గోడ వణికింది.

మూల షెడ్డు ఆయనకు ఏదో తొందర పని ఉన్నట్టుంది. తలుపులు బిగించి, లోపల ఒకే ఒక సాంచా నడుపుతున్నాడు. నేను వీధిలోకి వచ్చేసరికి మల్లేశం గోడ దగ్గర ఉన్నాడు. అరచెయ్యి ఆనించాడు. తల కొంచెం వంచి విన్నాడు. కళ్లకు అద్దుకున్నాడు. అటు మంచులో మసకగా ఎల్లవ్వ తన గడపలో నిలబడి చూస్తోంది. మల్లేశం మూల దాటి మంచులోకి నడిచాడు.

పిలిచాను. ఒకసారి బయల్దేరాక అతను వెనక్కి చూడడు, అదీ మేం నేర్పిందే. వెనకే నడిచాను. రాజేశం షెడ్డుకు తాళం వేసి ఉంది. మల్లేశం తాళం వంక చూడలేదు. తలుపు పక్క గోడ మీద అరచెయ్యి పెట్టాడు. అక్కడ వణుకు లేదు. చెయ్యి తీసి మళ్లీ పెట్టాడు. ఏం చేస్తాడో నాకు తెలియదు, ఈ గోడ దగ్గర ఆ పాఠం మేం ఎప్పుడూ చెప్పలేదు. కొంతసేపటికి అతను డబ్బా చేతులు మార్చుకుని, ఇంటి వైపు తిరిగాడు.

అదే సమయానికి మంచులోంచి పోలీసు జీపు వచ్చి అడ్డంగా ఆగింది. ముందు సీట్లో ఎస్సై. దిగకుండానే, ఎవడ్రా నువ్వు, ఎక్కడికి అన్నాడు. మల్లేశం నవ్వాడు. నేను పరుగెత్తాను. నేను చేరేలోపే అతను రెండడుగులు ముందుకు వేసి జీపు బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. ఇంజన్ నడుస్తోంది. బానెట్ వణుకుతోంది. చెయ్యి కళ్లకు అద్దుకుని, మళ్లీ బానెట్ మీదే పెట్టి, పని చెప్తారని ఎదురుచూస్తున్నట్టు అక్కడే నిలబడ్డాడు. వెనక సీట్లో ఒక తుపాకీ ఇటు తిరిగింది.

నేను ఏదో చెప్తున్నాను, నా గొంతు నాకే వినిపించడం లేదు. ఎస్సై చెయ్యెత్తి, ఇంజన్ ఆపు, ఏమంటోందో వినిపించట్లేదు అని డ్రైవర్‌తో అన్నాడు. ఇంజన్ ఆగింది. బానెట్ మీద చెయ్యి కాసేపు అలాగే ఉంది. తర్వాత మల్లేశం చెయ్యి తీసుకున్నాడు. ఎవరి వంకా చూడకుండా, తొందర లేకుండా, జీపును చుట్టి ఇంటి దారి పట్టాడు.

ఎక్కడికి పోతున్నాడు అని ఎస్సై నన్నడిగాడు. ఇంటికి సార్, పని లేదని తెలిసింది అన్నాను. మిగతాది రెండు మాటల్లో చెప్పాను. సార్, నేను కూడా రోజూ స్టీరింగ్‌కు గట్లనే మొక్కుత అని డ్రైవర్ మెల్లగా అన్నాడు. ఎస్సై మంచులో సగం కలిసిపోయిన ఆ వీపు వైపు చూశాడు. మీరు కూడా ఇంట్లో ఉండండి మేడం అని, బండి తియ్యమన్నాడు.

నేను వెళ్లేసరికి మల్లేశం ఆకు కట్టలకు నీళ్లు చల్లుతున్నాడు. ఎల్లవ్వ గడపలోనే కూర్చుని ఉంది. తాడు మేకుకు ఉంది. మాట ప్రకారం నేను ఓడిపోయాను.

"మూల దాటిండు" అంది.

"దాటిండు ఎల్లవ్వా" అన్నాను.

ఆమె వీధి వంక చూస్తూ, తనలో తాను అనుకుంటున్నట్టు అంది.

"పోయిండు గని, మళ్లచ్చిండు. గీ వాడల ఎంతమంది తల్లులు అడవికి పోయినోళ్ల కోసం దర్వాజలల్ల కూసున్నరో నీకెరుకేనా? నా కొడుకు తనంత తాను మళ్లచ్చిండు."

నాకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. మల్లేశం కాలికి మళ్లీ తాడు పడలేదు. నేను సిరిసిల్లలో ఉన్నన్నాళ్లూ అతను రాజేశం దగ్గరే పనిచేశాడు. బందులు ఇంకా వచ్చాయి, పోయాయి.

ఆ తర్వాత నేను పనిచేసిన ప్రతిచోటా పాఠాల వరుస మార్చాను. పర్యవేక్షకులు ఒప్పుకోని చోట చెప్పకుండా మార్చాను. హాజరు అనేది మనిషి పనికి వచ్చాడని చెప్తుంది, పని లేనప్పుడు అతను ఏం చేస్తాడో చెప్పదు. పని లేదని తనకు తానే తేల్చుకోగలిగినప్పుడే అలవాటు అతనిదవుతుంది, అందాకా అది శిక్షకుడిదే. కొత్తగా చేరినవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, ముందు ఇంటికి రావడం నేర్పండి, పనికి పోవడం తర్వాత అని చెప్తూ వచ్చాను.